యాభై రెండు మలుపులకు ఒక బకెట్టు షర్బత్

పిడుగు తన బ్యాగును ఉదయం ఆరింటికి సర్దుకుంది. ఆరున్నరకు మేనత్త దాన్ని విప్పి రెండోసారి సర్దింది. ఏడింటికి తల్లి వచ్చి, అందులోంచి ఆరు సబ్బులు, ఒక టార్చిలైటు, ఒక సుత్తి బయటికి తీసి మూడోసారి సర్దడం మొదలుపెట్టింది.

“సుత్తి ఎందుకు వదినా? పిల్ల వెళ్లేది వాతావరణ కేంద్రానికి. రాళ్లు కొట్టడానికి కాదు.”

“కొత్త గది. గోడకి మేకు కొట్టుకోవాలంటే ఎవర్ని అడుగుతుంది?”

“అక్కడా మనుషులుంటారు.”

“ఉంటారు. సుత్తి ఉన్న మనుషులే ఉంటారని ఏంటి నమ్మకం?”

తల్లి లెక్కల టీచరు. రుజువు లేని చోట వాదించదు. సుత్తి మళ్లీ బ్యాగులోకి వెళ్లింది.

పిడుగు అన్నది చిన్నప్పటి అల్లరికి పడ్డ పేరు. ఇరవై నాలుగేళ్లు వచ్చినా వదల్లేదు. కొండ మీది కేంద్రంలో గాలీ వానా కొలిచి రాసే ఉద్యోగం ఆమెకు వచ్చింది. గురువారం సాయంత్రం అయిదు లోపు వచ్చి చేరాలి, చేరకపోతే జాబితాలో తర్వాతి వాళ్లను పిలుస్తాం అని కాగితంలో స్పష్టంగా రాశారు. ఇవాళే గురువారం. కొండకు రోజుకు ఒకటే బస్సు, పది గంటలకు. అయిదున్నర గంటల దారి, యాభై రెండు మలుపులు.

పిడుగు కష్టమంతా ఆ మలుపులతోనే. ఇంట్లో పిడుగే గానీ బస్సెక్కితే తడిసిన పిల్లి. పోయిన ఏడాది ఇలాగే ఇంకో ఉద్యోగానికి ఈ కొండ మీదికే బయల్దేరి, పదకొండో మలుపులో తల వేలాడేసింది. కండక్టరు చెయ్యి పట్టుకుని దించేస్తే, ఎదురొచ్చిన కూరగాయల లారీలో ఇంటికి చేరింది. ఆ ఉద్యోగం ఇప్పుడు ఇంకెవరో చేసుకుంటున్నారు. ఈసారి కూడా దిగిపోతే ఇక ముఖం ఎత్తుకోలేనని వారం రోజులుగా ఆమెకు అన్నం సహించడం లేదు.

దానికి విరుగుడు మేనత్త చేతి నిమ్మకాయ షర్బత్. మలుపుకో గుక్క చొప్పున తాగితే కడుపు కదలదని ఆమె మాట. ఒకసారి తాగి చూస్తే నిజమే అయింది కూడా.

మేనత్త అంటే తండ్రికి అక్క. మూడు రోజుల పనిమీద వెళ్లొస్తానని గుమ్మం దాటిన ఆమె భర్త మళ్లీ రాలేదు. అప్పటినుంచి ఆ ఇంట్లో ఎవరు ఎక్కడికి బయల్దేరినా ఆమె బ్యాగు బరువు పెంచుతూ వచ్చింది. బరువు మోస్తున్న మనిషి ఎంతో దూరం పోలేడని ఆమె లెక్క.

“షర్బత్ చేసి వస్తా. ఈలోగా బ్యాగులోంచి ఏదైనా తీశారో, చూసుకోండి,” అని హెచ్చరించి ఆమె వంటింట్లోకి వెళ్లింది.

అది చేయడంలో ఆమెకో వరస ఉంది. పన్నెండు నిమ్మకాయలు కడిగి, తుడిచి, ఒక్కొక్కటీ అరచేతి కింద గట్టు మీద దొర్లించింది, లోపలి రసం వదులయ్యేదాకా. రెండు కాయల పచ్చటి పైతొక్కను మాత్రం సన్నగా తురిమింది. తెల్లటి భాగం తగిలితే చేదెక్కుతుంది. పంచదారలో నీళ్లు పోసి, ఆ తురుము వేసి, కరిగేదాకా మరిగించి దించింది. కాయలు కోసి పిండి, గింజలు పడకుండా పలచని గుడ్డలో వడకట్టింది. చల్లారిన పాకంలో రసం, నీళ్లు, చిటికెడు ఉప్పు. గాజు జగ్గు నిండా వచ్చింది. అరగంట మూతపెట్టి ఉంచితే వాసన దిగుతుందని, ఆ అరగంటలో స్నానం చేసి వద్దామని వెళ్లింది.

అక్కడే మొదలైంది తంతు.

ఆ ఇంట్లో రాయని చట్టం ఒకటుంది. మేనత్త వంటకు ముఖం మీద వంక పెట్టకూడదు. పదేళ్ల కిందట తండ్రి నోరు జారి, “అక్కా, ఉప్పు కాస్త తగ్గినట్టుంది,” అన్నాడు. ఆ ఒక్క ముక్కకు ఆమె తొమ్మిది రోజులు వంటింటి గడప తొక్కలేదు. ఆ తొమ్మిది రోజులూ తండ్రే వండాడు. ఆయన వాచీలు, గోడగడియారాలు బాగుచేసే మనిషి. ఉప్పు కూడా పట్టకారుతో వేసినట్టు వేశాడు. పదో రోజున ఇల్లంతా మేనత్త ముందు నిలబడి క్షమాపణ చెప్పుకుంది. అప్పటినుంచి ఆమె వండి అటు తిరగ్గానే ఎవరో ఒకరు చెంచా పుచ్చుకుని లోపలికి వెళ్లడం, రుచి చూడడం, తక్కువైంది కలిపేసి పిల్లిలా బయటికి రావడం అలవాటైంది. మేడ మీద అద్దెకుంటూ ఈ ఇంట్లోనే భోంచేసే పళ్ల డాక్టరుకు కూడా ఆర్నెల్లలో ఆ విద్య పట్టుబడింది. తమాషా ఏమిటంటే, ఆ పని తానొక్కరే చేస్తున్నానని ఎవరికి వారు అనుకుంటారు. హాల్లో కూర్చుని చదువుకునే పిడుగుకు వంటింటి గుమ్మం ఎదురుగా కనిపిస్తుంది కాబట్టి, అందరి సంగతీ ఆమె ఒక్కదానికే తెలుసు.

మొదట తండ్రి వెళ్లాడు. లోపల్నుంచి “అబ్బా!” అని చిన్న కేక, ఆ వెంటనే పంచదార డబ్బా మూత చప్పుడు. కాసేపటికి గ్లాసు చేతబట్టుకుని వచ్చాడు.

“పళ్లు జివ్వుమన్నాయమ్మడూ. నాలుగు చెంచాలు కలిపా. ఇప్పుడు తాగి చూడు. మీ అత్తకి మాత్రం చెప్పకు.”

పిడుగు తాగింది. “బాగుంది నాన్నా.”

తర్వాత తల్లి వెళ్లింది. ఆమె గ్లాసుతో వచ్చేసరికి మొహం గంటు పెట్టుకుని ఉంది.

“ఇంత తీపి తాగితే మొదటి మలుపులోనే కక్కుకుంటావు. మీ అత్తకి చెయ్యి జారినట్టుంది. అయిదు కాయలు పిండా. తాగు. ఆవిడకి తెలిస్తే బాధపడుతుంది, నీ కడుపులోనే ఉంచుకో.”

మాటతోపాటు షర్బత్‌నూ పిడుగు కడుపులోనే ఉంచుకుంది.

వీడ్కోలు చెప్పడానికి పళ్ల డాక్టరు మేడ దిగి వచ్చాడు. దాహమేసి వంటింట్లోకి వెళ్లి, ఒక గుక్క తాగి, వృత్తిధర్మం గుర్తొచ్చి నిలబడిపోయాడు. ఈ పులుపు, ఈ తీపి కలిస్తే పంటి మీద పెంకు నెలలో కరిగిపోతుంది. జగ్గు నిండిపోయి ఉండడంతో అందులోది పెద్ద గిన్నెలోకి వంచి, రెండు చెంబుల మంచినీళ్లు గుమ్మరించాడు.

“పెద్దావిడకి చెప్పకండి. మీ పళ్లు బంగారంలాంటి పళ్లు. ఈ గ్లాసు తాగండి, తేడా మీకే తెలుస్తుంది.”

తేడా పిడుగుకు తెలిసింది. అది నిమ్మకాయ అటుగా వెళ్లినప్పుడు పక్కనున్న నీళ్లలా ఉంది. “బాగుందండీ,” అంది.

తడి జుట్టుకు తువ్వాలు చుట్టుకుని వచ్చిన మేనత్త, జగ్గు స్థానంలో గిన్నె ఎందుకుందో చూసుకోకుండానే చెంచా ముంచి నోట్లో వేసుకుంది. ఆమె మొహం పాలిపోయింది.

“ఇదేంటే! నీళ్లు, ఉత్త నీళ్లు. నా చేతికేమైంది?” అంటూ స్టూలు మీద కూలబడింది. “మనసు బాగోలేకపోతే చెయ్యి కూడా మొరాయిస్తుందేమో. నిన్ను పంపించాలని లేదని దీనికి తెలిసిపోయినట్టుంది.”

పిడుగు గుండె కరిగిపోయింది. ఒక్క నిజం చెబితే చాలు, అంతా తేలిపోతుంది. కానీ చెబితే పదేళ్ల గుట్టు బయటపడుతుంది. ఉప్పు గురించిన ఒక్క మాటకే తొమ్మిది రోజులైతే, పదేళ్ల చెంచాలకు ఎన్ని రోజులో తల్లి కూడా లెక్క కట్టలేదు. పైగా తాను వెళ్లిపోతూ ఇంటికి నిప్పంటించి పోవడమా?

మేనత్త లేచింది. తమ్ముణ్ణి కొట్టుకు పంపి పాతిక నిమ్మకాయలు తెప్పించింది. మళ్లీ దొర్లించడం, తురమడం, పిండడం. ఆమె అటు బ్యాగు బరువు చూడడానికి వెళ్లగానే, తిలాపాపం తలా పిడికెడన్నట్టు అందరూ ఒకరి తర్వాత ఒకరు మళ్లీ వంటింటి ప్రదక్షిణ చేశారు. తండ్రి పంచదార, తల్లి పులుపు, డాక్టరు నీళ్లు. గిన్నె పొంగితే బకెట్టు వచ్చింది. ఒక్కొక్కరూ ఒక్కో గ్లాసు తెచ్చి పిడుగు చేతిలో పెట్టి, చెవిలో చెప్పిపోయారు. తొమ్మిదింబావు అయ్యేసరికి బకెట్టు అంచుల దాకా వచ్చింది. పిడుగు ఆరు గ్లాసులు తాగింది.

“టైమెంతయింది?” అని తల్లి అరిచింది.

ఇంట్లో పందొమ్మిది గడియారాలున్నాయి. అన్నీ బాగుచేయడానికి వచ్చినవే కాబట్టి పందొమ్మిది రకాల టైములు. “తొమ్మిదిన్నర,” అని పళ్ల డాక్టరు తన వాచీ చూసి చెప్పాడు.

సీసా నింపారు. బకెట్టు ముప్పావు వంతు మిగిలే ఉంది.

“దాన్ని ఇక్కడే ఉంచక్కా, మేం తాగుతాంలే,” అన్నాడు తండ్రి.

“ఒక్క సీసా ఏ మూలకొస్తుందిరా? బస్సులో పక్కవాడు వాంతి చేసుకుంటే ఇది చూస్తుందా లేదా? చూస్తే దీనికీ వస్తుందా లేదా? అందుకని బస్సంతా తాగాలి.”

లెక్కల టీచరు ఆ తర్కంలో తప్పు వెతికింది. దొరకలేదు.

అలా పెళ్లికి వెళ్తూ పిల్లిని చంకన పెట్టుకున్నట్టు, ఉద్యోగానికి వెళ్తూ బకెట్టు మోసుకుని నలుగురూ బస్టాండుకు బయల్దేరారు. తండ్రి స్కూటరు మీద బ్యాగు. డాక్టరు తన ఆస్పత్రి తెరవాలని ఆగిపోయాడు.

బస్సు మెట్టు దగ్గర కండక్టరు చెయ్యి అడ్డం పెట్టాడు. “ఏంటి పెద్దమ్మా ఇది?”

“షర్బత్ నాయనా.”

“బకెట్లు బస్సులోకి రానివ్వం.”

“బయల్దేరేలోగా ఖాళీ చేసి దిగిపోతా. ముందు నువ్వో గ్లాసు తాగు. రోజూ ఆ మలుపుల్లో తిరిగే కడుపు, ఎంత అలిసిపోయి ఉంటుందో.”

పన్నెండేళ్ల ఉద్యోగంలో తన కడుపు గురించి అడిగిన మొదటి మనిషి ఈమే. కండక్టరు చెయ్యి తీశాడు. గ్లాసు తాగి, కళ్లు మూసుకుని, “డ్రైవరుకి కూడా ఇవ్వు,” అన్నాడు.

మేనత్త బకెట్టుతో ఎక్కింది. మొదటి సీటు నుంచి మొదలుపెట్టి ఒక్కొక్కరికీ పోస్తూ పోయింది. అంతమంది చేతులు పడ్డ ఆ షర్బత్ ఎలా కుదిరిందో గానీ అద్భుతంగా కుదిరింది. జనం రెండో గ్లాసు అడుగుతున్నారు. పిడుగు బ్యాగును తన సీటు మీద పెట్టి నిలబడింది. నిలబడగానే ఆమెకు తాను పొద్దుట్నుంచి తాగిన ఆరు గ్లాసులూ ఒక్కసారిగా గుర్తొచ్చాయి. దారిలో ఎక్కడా ఆగని బస్సు. అయిదున్నర గంటలు.

“అత్తా, రెండు నిమిషాలు. సీటు చూస్తూండు,” అని చెప్పి, దిగి, బస్టాండు చివరనున్న మరుగుదొడ్ల వైపు పరుగెత్తింది. అక్కడ ముందు ఆరుగురున్నారు.

తిరిగొచ్చేసరికి బస్సు ఉన్న చోట తల్లీ, తండ్రీ, ఇంత నూనె మరకా మాత్రమే ఉన్నాయి.

“నువ్వెక్కడున్నావే!” అని తల్లి కేక పెట్టింది. “నువ్వు వెనక సీట్లో ఉన్నావనుకుని చెయ్యి ఊపుతూ నిలబడ్డానే!”

“అత్తేదీ?”

తండ్రి దుమ్ము లేచిన దిక్కు చూపించాడు. మేనత్త బస్సులో ఉంది. బ్యాగు బస్సులో ఉంది. ఉద్యోగం కాగితం బ్యాగులో ఉంది. ఉద్యోగం చేయాల్సిన మనిషి ఒక్కతే కింద ఉంది.

తండ్రి స్కూటరు మీద ఇరవై దాటి ఎరగడు. ముల్లు మెల్లగా తిరిగితేనే యంత్రం మన్నుతుందని ఆయన సిద్ధాంతం. ఆ రోజు మాత్రం కూతుర్ని వెనకాల కూర్చోబెట్టుకుని, కళ్లద్దాలు గాలికి ఎగిరి చెవికి వేలాడుతున్నా ఆపకుండా తోలాడు. “గట్టిగా పట్టుకో తల్లీ! సెకను కూడా పోనివ్వను!” అని అరిచాడు. కొండ మొదట్లో లారీల బరువు తూచే గేటు దగ్గర బస్సు ఆగి ఉంది. అందుకున్నారు.

పిడుగు ఎక్కేసరికి మేనత్త సీట్లో నిటారుగా కూర్చుని, ఒక చెయ్యి బ్యాగు మీద, ఒక చెయ్యి బకెట్టు మీద వేసి ఉంది. గొంతు బొంగురుపోయింది.

“బస్సాపమని మొత్తుకుంటున్నానే. ఒక్కడూ వినలేదు. గ్లాసులు చాచారు.”

“ఇంకా మిగిలిందేమో పోస్తారనుకున్నాం పెద్దమ్మా,” అన్నాడు కండక్టరు సిగ్గుపడుతూ. “సరే, దిగేవాళ్లు దిగండి. గేటు ఎత్తుతున్నారు.”

కింద తండ్రి స్కూటరు తిప్పి నిలబెట్టాడు. “అక్కా, దిగు!”

మేనత్త లేచింది. పిడుగు మొహం చూసింది. స్కూటరు కుదుపులకు ఆ మొహం అప్పటికే నిమ్మకాయ రంగుకు తిరిగి ఉంది. మళ్లీ కూర్చుంది.

“ఒక్క మలుపు దాటనీరా. దీనికెలా ఉంటుందో చూసి రెండో మలుపులో దిగుతా.”

“రెండో మలుపులో దిగి ఎలా వస్తావే?”

“కూరగాయల లారీ ఉందిగా!”

బస్సు కదిలింది. తండ్రి కాసేపు పక్కనే తోలుకుంటూ వచ్చి, దారి ఎత్తెక్కేసరికి ఆగిపోయాడు.

మొదటి మలుపు తిరిగింది. పిడుగు కళ్లు మూసుకుని లెక్కపెట్టుకుంది. రెండో మలుపు. మూడో మలుపులో పక్కనుంచి సన్నటి మూలుగు వినబడి కళ్లు తెరిచింది. మేనత్త ముందు సీటు కడ్డీని రెండు చేతులా పట్టుకుని ఉంది. పుట్టి బుద్ధెరిగాక ఆమె కొండ దారి చూడలేదు. అందర్నీ సాగనంపడమే తప్ప తాను ఎక్కడికీ పోయిన మనిషి కాదు.

“అత్తా? ఏమయింది?”

“ఏం కాలేదు. బస్సే… తిరుగుతోంది.”

ఆ తర్వాత పిడుగుకు తన కడుపు గురించి ఆలోచించే తీరిక చిక్కలేదు. కవరు పట్టింది, వీపు రాసింది, మొహం తుడిచింది, కిటికీ తీసింది. పదకొండో మలుపు ఎప్పుడు దాటిందో ఆమెకు తెలియనే లేదు. ఇరవయ్యో మలుపులో సీసా మూత తీసి గుక్కెడు తాగించింది. మేనత్త చప్పరించి, కళ్లు మూసుకునే అడిగింది.

“పులుపు కుదిరింది. ఆఖర్న వేసిందెవరు? మీ అమ్మేనా?”

పిడుగు చేతిలో సీసా ఆగిపోయింది. “ఏంటత్తా?”

“మీ నాన్న ఉప్పేస్తాడని పదేళ్లుగా నేను అరచెంచా తగ్గించే వండుతున్నానే. ఇవాళా నాలుగు చెంచాల పంచదార తగ్గించే చేశా, వాడెలాగూ కలుపుతాడని. మీ అమ్మ వంతు పులుపు కూడా లెక్కేసుకున్నా. ఆ పళ్ల డాక్టరు నీళ్లు గుమ్మరిస్తాడని కలగన్నానా!”

“అన్నీ తెలిసి ఎందుకూరుకున్నావత్తా?”

“చెబితే మానేస్తారు.” మేనత్త ఇంకో గుక్క తాగింది. “మానేస్తే నా వంటింట్లోకి ఎవరొస్తారే? నేను అటు తిరగ్గానే ఒక్కొక్కళ్లూ చెంచా పట్టుకుని దొంగల్లా వస్తూంటే, పక్కగదిలో కూర్చుని నవ్వుకునేదాన్ని. ఇంతమంది నన్ను నొప్పించకూడదని ఇన్ని తిప్పలు పడుతున్నారు కదా అని. అమ్మో, ఇంకో మలుపు… కవరు, కవరు!”

యాభై రెండు మలుపులూ అయ్యాయి. మూడూ నలభైకి బస్సు కొండెక్కింది. నాలుగింటికి పిడుగు కేంద్రం రిజిస్టరులో సంతకం పెట్టింది. పరికరాలు చూసే పెద్దాయన ఆమె వెనక బకెట్టు పట్టుకుని తూలుతున్న మనిషిని చూసి, “ఈమె కూడా చేరడానికేనా?” అని అడిగాడు.

“కాదండీ. రెండో మలుపులో దిగాల్సిన మనిషి,” అంది పిడుగు.

మర్నాడు పొద్దున్నే మేనత్తను బస్సు దగ్గరికి తీసుకెళ్లింది. మేనత్త బస్సును, బస్సు అవతల మెలికలు తిరుగుతూ దిగే దారిని చూసింది.

“ఇంకో దారి లేదా?”

“లేదత్తా.”

“అయితే రేపు వెళ్తా.”

రేపు వచ్చింది. బస్సూ వచ్చింది. ఆ రేపటికి ఇంకో రేపు పుట్టింది. నెల తిరిగాక తండ్రి ఫోను చేసి, “ఎప్పుడొస్తున్నావక్కా?” అని అడిగాడు. “దారి తిన్నగా వేయించు, వస్తా,” అని జవాబు వచ్చింది.

కింద ఇంట్లో ఇప్పుడు తల్లి వండుతోంది. బాగోలేకపోతే ముఖం మీదే చెప్పేస్తున్నారు. చెంచా పుచ్చుకుని వంటింట్లోకి ఎవరూ వెళ్లడం లేదు. పళ్ల డాక్టరు భోజనం మధ్యలో ఒక్కోసారి వంటింటి గుమ్మం వైపు చూసి, మళ్లీ తల దించుకుని తింటాడు.

పిడుగు మూడో నెలలోనే సెలవు మీద ఇంటికి వచ్చింది. ఆ తర్వాత ఏడాదికి రెండుసార్లు వస్తూనే ఉంది. ఆ గురువారం పది గంటల బస్సులో వెళ్లి తిరిగి రానిది మేనత్త.